నాలుగు గంటల చేతిపని

జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్లలో ఈ ముచ్చట కొత్తేమీ కాదు. బహ్రెయిన్‌లో పనిచేసే కొడుకు టికెట్టు ఫొటో తీసి ఫోన్లో పంపుతాడు. తల్లి అందులోని టైములు ఎవరిచేతనో చదివించుకుని వేళ్ల మీద లెక్కపెడుతుంది. "ఏంది బిడ్డా, పోయేటప్పుడు రెండు గంటలేనాయె. వచ్చేటప్పుడు ఆరున్నర గంటలెందుకు? ఇంటికొచ్చే ఇమానం అంత మెల్లగొస్తదా?" అని అడుగుతుంది. కొడుకు నవ్వి, "ఆడి గడియారం మనకన్న రెండున్నర గంటలు ఎనకుంటదమ్మా" అంటాడు. ముచ్చట అక్కడితో అయిపోతుంది.

కానీ అయిపోకూడదు. ఆ రెండున్నర గంటలు పోయేటప్పుడు కలిపి, వచ్చేటప్పుడు తీసేసి చూడండి. పోవడానికి సుమారు నాలుగున్నర గంటలు, రావడానికి సుమారు నాలుగు. గడియారం తేడా పోయినా రెండూ సమానం కాలేదు. ఉన్నవి అవే రెండు ఊళ్లు, ఎగిరేది అదే విమానం. మరి ఆ అరగంట ఎక్కడిది? అమ్మ లెక్క తప్పింది గానీ, ఆమె వేలికి తగిలిన ముడి మాత్రం నిజమైనదే.

ఆ ముడి విప్పుతూ పోతే టికెట్టు మీది అంకె వెనక ఎంత పనితనం ఉందో తెలుస్తుంది. మంచి కుర్చీని మెచ్చుకోవాలంటే దాన్ని తిరగేసి కీళ్లు చూడాలి. బహ్రెయిన్ నుంచి హైదరాబాద్‌కు గల్ఫ్ ఎయిర్ నేరుగా విమానం నడుపుతోంది. ఆ ప్రయాణాన్ని ఒకసారి తిరగేసి చూద్దాం.

ముందు దూరం. బహ్రెయిన్ విమానాశ్రయం రాజధాని మనామాలో లేదు, పక్కనే ఉన్న ముహర్రఖ్ దీవిలో ఉంది. సముద్ర మట్టానికి ఆరడుగుల ఎత్తులో, నీళ్లను ఆనుకుని ఉన్న నేల అది. మన శంషాబాద్ దక్కన్ పీఠభూమి మీద 2,024 అడుగుల ఎత్తున ఉంది. భూమిని నిండు గోళం అనుకుని ఈ రెండింటి మధ్య దారం బిగించి లాగితే సుమారు 3,030 కిలోమీటర్లు తేలుతుంది. విమానం నడిపేవాళ్లు కిలోమీటర్లలో లెక్కపెట్టరు. వాళ్లది నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. భూకేంద్రం దగ్గర ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే, అందులో ఒక భాగానికి నేల మీద వచ్చే పొడవు అది. రెండు ఊళ్ల మధ్య కోణం 27 డిగ్రీల పైచిలుకు. అరవైతో హెచ్చవేస్తే 1,640 మైళ్లకు కాస్త తక్కువ వస్తుంది. ఈ మైలు భూమి ఒంటి కొలత నుంచే తీసింది.

గోళం మీద బిగించిన దారం మ్యాపులో వంగి కనిపిస్తుంది. ముహర్రఖ్‌లో బయల్దేరేటప్పుడు ఆ గీత ఉత్తరం నుంచి 104 డిగ్రీల వైపు చూస్తుంది. శంషాబాద్ చేరేసరికి 114 డిగ్రీలకు తిరుగుతుంది. దారి పొడుగునా పది డిగ్రీల ఒంపు, ఎక్కడా కంటికి ఆననంత మెల్లగా. ఆ ఒంపు వద్దని ఒకే దిక్కు పట్టుకుని పోతే అదనంగా పడేది నాలుగు కిలోమీటర్లే. ధ్రువాల పక్కనుంచి పోయే దారుల్లో ఈ ఒంపు వందల కిలోమీటర్లు మిగులుస్తుంది. మన దారిలో దాని గొప్పతనం అంతంత మాత్రం. ఇక్కడ పనితనం కనబడేది వేరేచోట.

ఆ దారం ఏయే ఊళ్ల మీదుగా పోతుందో చూడండి. ముహర్రఖ్ దాటగానే ఖతర్ ఉత్తరపు కొనను రాసుకుంటూ పోతుంది. అక్కణ్నుంచి సముద్రం దాటి నేరుగా దుబాయి నెత్తిమీదికి వస్తుంది. ఫుజైరా పక్కన నేల వదిలి అరేబియా సముద్రం మీద దాదాపు 1,800 కిలోమీటర్లు సాగుతుంది. ముంబైకి కాస్త పైన వసయి దగ్గర మన తీరం తాకుతుంది. లాతూరు పక్కగా వచ్చి, జహీరాబాద్ పరిసరాల్లో తెలంగాణలో అడుగుపెట్టి, శంషాబాద్‌లో దిగుతుంది. అంటే ఈ తిన్నని దారికి నడుమ రెండు పెద్ద సంతలున్నాయి, దుబాయి ఒకటి, ముంబై ఒకటి. సంతరోజున సంతవీధిలోంచి బండి తోలుకుపోవాలని ఎవరూ అనుకోరు. ఎక్కే విమానాలూ దిగే విమానాలూ మూగే చోట దాటిపోయే విమానానికి దారి చుట్టు తిరుగుతుంది, లేదా ఎత్తు మారుతుంది. దారం తిన్ననిదే గానీ, విమానం నడిచేది దాని పక్కన వేసిన దారిలో.

ఆ దారిని అల్లేది డిస్పాచర్ అనే మనిషి. విమానం కదలడానికి కొన్ని గంటల ముందు ఆయన తయారుచేసే ఫ్లైట్ ప్లాన్ నా దృష్టిలో చక్కటి చేతిపని. ఆకాశంలో కంటికి కనిపించే గుర్తులు ఉండవు కాబట్టి అక్షాంశ రేఖాంశాలతో కొన్ని చోట్లు గుర్తించి వాటికి అయిదక్షరాల పేర్లు పెట్టారు. నోటికి పలకడానికి వీలుగా ఉంటే చాలు, అర్థం ఉండక్కర్లేదు. మన విమానం ఒక పేరు నుంచి ఇంకో పేరుకి పోతుంది. బహ్రెయిన్ గగనతలం నుంచి ఎమిరేట్స్‌కి, అక్కణ్నుంచి మస్కట్‌కి, సముద్రం నడుమ ముంబైకి, చివరికి చెన్నై పరిధికి, గొంతులు మారుతుంటాయి. తీరపు రాడార్‌కి అందని నడి సముద్రం మీద విమానం తానెక్కడుందో తానే చెప్పుకుంటూ పోవాలి. ముందు విమానానికీ వెనక విమానానికీ మధ్య ఎడం అక్కడ ఎక్కువ ఉంచుతారు.

ఎత్తుకీ మర్యాద ఉంది. తూర్పుకి పోయే విమానాలు బేసి వేల అడుగుల్లో, 33, 35, 37 వేలల్లో పోవాలి. పడమటికి పోయేవి సరి వేలల్లో, 34, 36, 38 వేలల్లో. ఎదురెదురుగా వచ్చే రెంటి మధ్య వెయ్యి అడుగుల గోడ. హైదరాబాద్ వచ్చే కొడుకూ, బహ్రెయిన్ పోయే ఇంకో తల్లి కొడుకూ అరేబియా సముద్రం మీద ఒకరి కింద ఒకరు దాటిపోతారు.

ఇప్పుడు అమ్మ ముడి దగ్గరికి వద్దాం. దానికి జవాబు గాలి.

విమానం తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఎప్పుడూ ఇంచుమించు ఒకే వేగంతో, గంటకు 830 కిలోమీటర్ల చొప్పున పోతుందనుకోండి. గాలే కదులుతుంటే నేల మీది లెక్క మారిపోతుంది. చలికాలంలో గల్ఫ్ మీదా ఉత్తర భారతం మీదా పడమటి నుంచి తూర్పుకి పైగాలి ఉధృతంగా వీస్తుంది. దారి మొత్తానికి సగటున గంటకు 70 కిలోమీటర్ల గాలి తోడైందనుకుందాం. బహ్రెయిన్ నుంచి వచ్చేటప్పుడు వేగం 900 అవుతుంది, 3,030 కిలోమీటర్లకు మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. పోయేటప్పుడు వేగం 760కి పడిపోతుంది, ఒక్క నిమిషం తక్కువ నాలుగు గంటలు పడుతుంది. తేడా ముప్పై ఏడు నిమిషాలు. అదే ఏరులో పడవ ప్రవాహంతో పోవడం, ఎదురీదడం.

వానాకాలంలో ఈ కథ కొంత తిరగబడుతుంది, అందులో మనవాడి పాత్ర ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ద్వీపకల్పం మీద బాగా ఎత్తున తూర్పు నుంచి పడమటికి ఒక గాలి నది పారుతుంది. దాని స్వరూపాన్ని 1958లో శాస్త్రలోకానికి వివరించింది తెలుగువారైన పంచేటి కోటేశ్వరం. భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసి పద్మభూషణ్ అందుకున్న శాస్త్రవేత్త ఆయన. ఎండాకాలంలో టిబెట్ పీఠభూమి వేడెక్కడానికీ ఈ తూర్పు గాలికీ, దానికీ మన నైరుతి వానలకీ ఉన్న లంకెను ఆయన తరచి చూశారు. వర్షాల కోసం చదివిన ఆ గాలి విమానం లెక్కలోకి కూడా వస్తుంది. ఆ నెలల్లో బహ్రెయిన్ పోయే విమానానికి దక్కన్ మీద వెనకనుంచి కాస్త ఊతం దొరుకుతుంది. వచ్చేదానికి అక్కడ ఎదురుగాలి. చలికాలంలో పెరిగిన తేడా వానాకాలంలో కుంచించుకుపోతుంది.

ఈ గాలుల అంచనాలు ప్రపంచానికంతటికీ రెండు కేంద్రాల నుంచి, లండన్ నుంచీ వాషింగ్టన్ నుంచీ, అందుతాయి. డిస్పాచర్ వాటిని దారి మీద పరిచి, ఏ ఎత్తున ఎంత గాలి ఉందో చూసి, దారినే కాస్త పైకో కిందికో జరుపుతాడు. ఎక్కువ దూరం ఎగిరి తక్కువ సమయంలో చేరే దారి ఒక్కోరోజు దొరుకుతుంది. ఆ రోజు డిస్పాచర్ దూరం వదులుకుని కాలం కొంటాడు. ఒక గంట సమయానికి ఎంత ఖర్చు, ఒక కిలో ఇంధనానికి ఎంత ఖర్చు అన్న నిష్పత్తిని కాస్ట్ ఇండెక్స్ అంటారు. ఆ ఒక్క అంకెను బట్టి విమానం తొందరపడాలా, నింపాదిగా పోవాలా అన్నది తేలుతుంది.

ఇంధనం లెక్కలో కూడా అంతే నాజూకు. లీటర్లలో కాదు, కిలోల్లో కొలుస్తారు. బహ్రెయిన్ వేసవి వేడికి ఇంధనం ఉబ్బుతుంది, లీటరు బరువు తగ్గుతుంది. కిలో మాత్రం ఎక్కడైనా కిలోయే. దారికి సరిపడా కొంత, అనుకోని గాలులకు అందులో సాధారణంగా అయిదు శాతం, శంషాబాద్‌లో దిగడం కుదరకపోతే బెంగళూరు వంటి ఇంకో ఊరు చేరడానికి కొంత, ఆ పైన ముప్పై నిమిషాలు గాలిలో తిరగడానికి ముట్టుకోకూడని నిల్వ. ఎందుకైనా మంచిదని ఇంకో టన్ను పోయించుకుంటే సరిపోదా అంటే, ఆ టన్నును నాలుగు గంటలు మోయడానికే అందులో పదో వంతు దాకా కాలిపోతుంది. మన ప్రయాణికులు పోయేటప్పుడు మోసే ఆవకాయ సీసాలూ, వచ్చేటప్పుడు తెచ్చే ఖర్జూరాల డబ్బాలూ, దుప్పట్లూ ఈ తూకంలోకి రావాల్సిందే. చివరికి కెప్టెన్ ఆ కాగితం చదివి, కావాలంటే ఇంకొంత ఇంధనం అడిగి, సంతకం చేస్తాడు.

నన్ను అన్నిటికన్నా ముచ్చటపరిచేవి దారి రెండు కొసలు. ముహర్రఖ్ రన్‌వే వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఉంటుంది. హైదరాబాద్ తూర్పు ఆగ్నేయంగా ఉంది కాబట్టి అటువైపు పరిగెత్తి ఎగిరితే తిన్నగా దారిలో పడొచ్చు. కానీ గల్ఫ్‌లో ఎక్కువ రోజులు వీచేది షమాల్, వాయవ్యం నుంచి వచ్చే గాలి. విమానం గాలికి ఎదురుగా ఎగరాలి. అందుకని ఇంటికి బయల్దేరిన విమానం ఎక్కువసార్లు మొదట ఇంటికి వీపు తిప్పి, వాయవ్యంగా ఎగిరి, ఆ తర్వాత చుట్టు తిరిగి దారి పడుతుంది.

ఈ కొసన కూడా అదే తంతు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. చలికాలంలో తూర్పు గాలి ఉన్నరోజు పడమటి నుంచి వచ్చిన విమానం వచ్చిన ఊపులోనే తిన్నగా దిగిపోతుంది. వానాకాలంలో పడమటి గాలి ఉంటే ఊరు దాటి తూర్పుకి పోయి, వెనక్కి తిరిగి దిగాలి. కిటికీ పక్క కూచున్నవాళ్లు "అరె, ఎయిర్‌పోర్టు దాటిపోయిందే" అనుకునేది ఇందుకే. ఈ రెండు మలుపులూ కలిసి పదో పదిహేనో నిమిషాలు తినేస్తాయి. ఆ మధ్యలో, లాతూరు దాటాక ఎక్కడో, ఇంకా 200 కిలోమీటర్లు ఉండగానే ఇంజన్ల హోరు తగ్గుతుంది. అంత ఎత్తునుంచి జారుతూ దిగడానికి ఆపాటి దూరం కావాలి.

ఇన్నీ లెక్కపెట్టాక టికెట్టు మీద రాసే అంకె ఇంకా తయారు కాలేదు. టైంటేబుల్‌లో రాసేది ఎగిరే సమయం కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం ఆగగానే చక్రాలకు అడ్డంగా పెట్టే దిమ్మల నుంచి వచ్చిందా పేరు. ఎడ్లబండి చక్రం కింద రాయి తీసినప్పటి నుంచి మళ్లీ రాయి పెట్టేదాకా అన్నమాట. ఇందులో గేటు నుంచి రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం, దిగాక గేటు దొరికేదాకా ఆగడం అన్నీ ఉంటాయి.

ఈ అంకెను నెలల ముందే ప్రకటించాలి. ఆ రోజు ఏ గాలి వీస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని గడిచిన సీజన్లలో అదే దారిలో నిజంగా పట్టిన సమయాలన్నీ పోగేసి, ఎక్కువ రోజులు సరిపోయే అంకెను ఎంచుకుంటారు. వేసవి టైంటేబుల్‌కి ఒకటి, చలికాలం టైంటేబుల్‌కి ఒకటి. అంకె బిగువైతే విమానం రోజూ ఆలస్యం, అక్కడ ఇంకో విమానం అందుకోవాల్సినవాళ్లు గొడవ. వదులైతే విమానం ముందే దిగి గేటు ఖాళీ లేక ఎండలో నిలబడుతుంది, సిబ్బంది గంటలు వృథా. పదిహేను నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకపోవడం ఈ రంగంలో ఆనవాయితీ. అంటే పనివాడికి దొరికిన జాగా అంతే.

మన వడ్రంగి తలుపు బిగించేటప్పుడు తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సన్నటి సందు వదులుతాడు. వానాకాలం చెక్క ఉబ్బితే తలుపు పట్టేయకూడదు, ఎండాకాలం చెక్క కుంచించుకుంటే గాలి దూరకూడదు. ఆ సందు ఎంత వదలాలో తెలిసినవాడే వడ్రంగి. టైంటేబుల్ పనివాడి విద్య కూడా ఆ సందులోనే ఉంది.

దూరం తగ్గితే ఈ విద్య తేలికవుతుందా? బహ్రెయిన్ నుంచే ఇంకో దారి చూద్దాం. దోహా అక్కడికి కూతవేటు, 148 కిలోమీటర్లు. గాలిలో ఉండేది అరగంట అటూ ఇటూ. టైంటేబుల్‌లో మాత్రం ముప్పావుగంటకు తక్కువ రాయలేరు. పాకడం, వరస, మలుపు, గేటు ఎంత చిన్న దారికైనా తప్పవు కదా. హైదరాబాద్ దారిలో గేటు నుంచి గేటుకి గంటకు 750 కిలోమీటర్లు పడితే, దోహా దారిలో 200 కూడా పడదు. ఇక్కడ విమానంలో గడిపేదానికన్నా విమానాశ్రయాల్లో గడిపేదే ఎక్కువ.

ఆ కూతవేటు దూరం ఒకప్పుడు గంటల తరబడి సాగింది కూడా. 2017 జూన్ 5న బహ్రెయిన్, ఖతర్‌తో సంబంధాలు తెంచుకుంది. నేరు విమానాలు ఆగిపోయాయి. అటు పోవాలంటే కువైటో మస్కటో చుట్టి పోవాల్సి వచ్చింది. మళ్లీ నేరుగా విమానం ఎగిరింది 2023 మే 25న. భూమి జరగలేదు, గాలి మారలేదు. మారింది అనుమతి.

బహ్రెయిన్ విమాన చరిత్రంతా ఈ మాట చుట్టూనే తిరిగిందంటే తప్పులేదు. 1932లో బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ భారత్ దారిని పర్షియా తీరం నుంచి ఈవలి అరబ్బు తీరానికి మార్చుకుంది, పర్షియా తన మీదుగా పోనివ్వనందుకు. అలా బహ్రెయిన్ ఆ దారిలో మజిలీ అయింది. హానిబాల్ అనే రెండు రెక్కల దొంతరల విమానం అక్కడ దిగింది. దాని వేగం గంటకు నూరు మామూలు మైళ్లు (నాటికల్ మైళ్లు కావు). అది మన దారిలో ఎగిరితే గాలిలోనే పంతొమ్మిది గంటలు గడిచేది.

నలభై నాలుగేళ్లకు, 1976 జనవరి 21న, ధ్వనికి రెండింతల వేగంతో పోగల కాంకార్డ్ తన తొలి వాణిజ్య ప్రయాణాల్లో ఒకటి లండన్ నుంచి బహ్రెయిన్‌కే చేసింది. అంతటి విమానం కూడా యూరప్ నేల మీద మామూలు విమానంలాగే నడిచింది. దాని ఉరుము కింద జనం చెవుల్లో పడకూడదని, ఏడ్రియాటిక్ సముద్రం చేరేదాకా వేగం అదుపులో పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత బహ్రెయిన్ నుంచి సింగపూర్‌కి నడిపితే, మలేసియా అభ్యంతరంతో మూడు ప్రయాణాలకే ఆగింది. మళ్లీ మొదలైనా, మన దేశం తన గగనతలంలో ధ్వనిని మించిన వేగానికి ఒప్పుకోలేదు. 1980లో ఆ సర్వీసు మూతపడింది. ఆ యంత్రానికి వేగం ఉంది గానీ, దానికి తగ్గ దారి దొరకలేదు.

అందుకే నాకు కాంకార్డ్ కన్నా టికెట్టు మీది ఈ మామూలు నాలుగు గంటలే ఎక్కువ నచ్చుతాయి. దీనికి రికార్డులు లేవు. సంతల్ని తప్పుకుని, గాలిని బతిమాలి, పొరుగు దేశాల మాట విని, ఇంధనం మోత తగ్గించుకుని, ఉబ్బుకి సందు వదిలి చేసిన అంకె ఇది. విమానం చెప్పిన వేళకి దిగితే ఎవరూ దీన్ని తలుచుకోరు. పది నిమిషాలు ముందు దిగితే పైలట్‌ని మెచ్చుకుంటారు, ఆలస్యమైతే అందర్నీ తిడతారు.

ఇక జగిత్యాల అమ్మకు జవాబు. గడియారాలు పక్కనపెట్టి చెప్పాలంటే, పోయే విమానానికి గాలి ఎక్కువగా అడ్డం వస్తుంది, వచ్చేదాన్ని వెనకనుంచి తోస్తుంది. ఇంటికొచ్చే ఇమానమే జల్దీ వస్తదమ్మా.